పలకనివన్నీ తీసేశాను

పదకొండే పదకొండు వరసలు రాసి ఒక గిన్నెల దుకాణం నోరు మూయించిన ఘనుణ్ణి మీరు చూసి ఉండరు. అది నేనే. ఆ పదకొండు వరసల పుణ్యమా అని ఒక ఇల్లాలి గృహప్రవేశం పరువు గాల్లో వేలాడింది. దాన్ని కిందికి దించడానికి సికింద్రాబాద్‌లో నలుగురు మనుషులు ఒక పొద్దుటిపూట ఎంత తిప్పలు పడ్డారో ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వుకోండి, నాకేం కోపం రాదు. కోపం తెచ్చుకునే హక్కు ఆ రోజే పోగొట్టుకున్నాను.

ముందు నా గొప్ప కాస్త చెప్పుకోనివ్వండి. తర్వాత ఎలాగూ అవకాశం దొరకదు. నేను కంప్యూటర్ ఏ కోచింగ్ సెంటర్‌లోనూ నేర్చుకోలేదు. అల్వాల్‌లో మా ఇంటికి నాలుగు సందుల అవతల శాఖా గ్రంథాలయం ఉంది. పేపర్లు చదివే పెద్దలు ఫ్యాను కింద బెంచీలన్నీ ఆక్రమించుకుంటే, నేను మూలన బీరువా పక్కన స్టూలు వేసుకుని, అట్టలు ఊడిన లావుపాటి కంప్యూటర్ పుస్తకాలు ఒక్కొక్కటే మింగాను. అర్థమైనవి నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. అర్థం కానివి ఇంకా అందంగా రాసుకునేవాణ్ణి. పుస్తకం హస్తభూషణం అన్నారు కదా, నాకు రెండు చేతులూ నిండిపోయి, ఇంకో పని చెయ్యడానికి చెయ్యి ఖాళీ లేనంత భూషణం పట్టింది.

ఆ విద్యతో రెజిమెంటల్ బజార్‌లో రత్నక్క గిన్నెల దుకాణంలో చేరాను. బిల్లులు కొట్టడం, సరుకు ఎక్కించుకోవడం, కంప్యూటర్‌ను కనిపెట్టుకుని ఉండడం నా పని. మావాళ్లు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు. రత్నక్క వాళ్లది తాతల నాటి నుంచి ఈ బజారే. ఆవిడ గొంతు విప్పితే వరసగా పేర్చిన బిందెలు సన్నగా మోగేవి. నన్ను మామూలుగా ‘తమ్మీ’ అని, కోపం వస్తే ‘లైబ్రరీ’ అని పిలిచేది. ఈ కథలో మీకు రెండో పిలుపే ఎక్కువ వినిపిస్తుంది.

మనవాళ్లకు గిన్నె కొన్నంత మాత్రాన కొనడం పూర్తి కాదు. దాని మీద పేరు పడాలి. మీ ఇంట్లో పాత స్టీలు చెంబు ఒకటి తీసి తిప్పి చూడండి. ఎవరి పెళ్లికో, ఎవరి గృహప్రవేశానికో ఎవరు పంచారో దాని మీదే ఉంటుంది. మా దుకాణంలో ఆ పేర్లు చెక్కేది ఈశ్వరయ్య తాత. దుకాణం అరుగు మీద గోనెపట్టా పరుచుకుని, సన్న ఉలి, చిన్న సుత్తి పట్టుకుని, టక్ టక్ మంటూ చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోయేవాడు. నేను చేరకముందే రత్నక్క పేర్లు చెక్కే మిషన్ ఒకటి పాతది కొని తెచ్చింది. కంప్యూటర్‌లో పేరు కొడితే చాలు, మిషన్ సూది డబ్బా మూత మీద రెండు నిమిషాల్లో గీసిపెట్టేది. దాంతో స్టీలు పనంతా మిషన్‌కు పోయి, తాతకు రాగి, ఇత్తడి మాత్రం మిగిలాయి. అందుకని ఆయనకు ఆ మిషన్ మీద కడుపుమంట అని నేను గట్టిగా నమ్మాను. ఏ పుస్తకంలోనూ చదవకుండా నేను నమ్మిన విషయం అదొక్కటే. అది కూడా తప్పే.

ఇక ఆ ఇల్లాలి సంగతి. యశోదమ్మ ఇరవై ఏళ్లుగా అల్వాల్‌లో ఆరిళ్లలో వంటపని చేస్తూ, ఊరి చివర రెండు గదుల ఇల్లు కట్టుకుంది. దసరా మర్నాడు, ఏకాదశి నాడు గృహప్రవేశం. భోంచేసి వెళ్లేవాళ్లకు పంచడానికి యాభై ఒక్క స్టీలు డబ్బాలు మా దగ్గర తీసుకుంది.

“పేరు ఏమని కొట్టాలమ్మా?” అని అడిగాను.

“యశోదమ్మ అని కొట్టున్రి సార్. పెద్దగ కొట్టున్రి.”

రత్నక్క నవ్వింది. “ఎంత పెద్దగనే చెల్లే? మూత మీదకెళ్లి బయటికొచ్చేటంతనా?”

“నవ్వకు రత్నక్కా. మా ఇంట్ల డబ్బలన్ని తీసి చూడు, ఒక్కదాని మీద సుత నా పేరు లేదు. కూర మిగిలితే ఆ అమ్మ డబ్బల ఇస్తది, పచ్చడి ఈ అమ్మ డబ్బల ఇస్తది. కడిగి మల్ల వాళ్ల డబ్బ వాళ్లకిచ్చుడే నా పనైంది. గిప్పుడు ఆ అమ్మలందరు నా ఇంటికొస్తున్నరు. వాళ్ల ఇండ్లల్ల నా పేరు ఉండాలె. గంతే.”

రత్నక్క నవ్వు ఆపింది. తర్వాత డబ్బాలు పక్కన పెట్టించి, “పండుగనాడు పనిముట్లకు పూజ చేస్తం కద. తెల్లారి మిషిన్ షురూ చేసుడే నీ పేరుతోని చేస్త. నీదే బోణీ. పన్నెండు కొట్టెవరకు డబ్బలు నీ ఇంట్ల ఉంటయి, ఫికర్ చెయ్యకు” అంది.

యశోదమ్మ ముఖం చూడాల్సింది. ఆ ముఖాన్ని ఒక్కరోజులో ఎలా వాడిపోయేలా చేశానో ఇక చెబుతాను.

మా కంప్యూటర్‌లో చాలాకాలంగా ఒక బెడద ఉంది. ఏళ్ల తరబడి దానికి తగిలించి, పాడైతే పాత సామాన్లవాడికి వేసేసిన పరికరాలన్నీ దాని జాబితాలో అలాగే ఉండిపోయాయి. చచ్చిన మౌసులు, తుక్కుకు పోయిన తూకం మిషన్, ఎవరో ఒక్కసారి గుచ్చి తీసేసిన పెన్‌డ్రైవ్‌లు. ప్రింటర్లయితే ఏడు కనిపించేవి. ఉన్నది ఒకటి. బిల్లు కొట్టినప్పుడల్లా అది ఏ స్వర్గస్థుడి దగ్గరికి పోయిందోనని వెతుక్కోవాలి. రత్నక్క రోజూ సణిగేది. “రేషన్ కార్డుల కూడ చచ్చినోళ్ల పేర్లు తీస్తరు తమ్మీ. నీ కంప్యూటర్‌ల ఎందుకు తియ్యరు?”

ఒక్కొక్కదాన్నీ వెతికి చేత్తో తీసెయ్యొచ్చు. కానీ నేను చేత్తో చేసేవాణ్ణా? గ్రంథాలయంలో ఒక లావు పుస్తకం ఉంది. అక్కరలేని పరికరాలను ప్రోగ్రాం రాసి ఒక్క దెబ్బతో ఎలా తీసెయ్యాలో అందులో ఒక అధ్యాయమే ఉంది. నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాను. దాని సారం ఇది. ప్రతి పరికరాన్నీ పేరు పెట్టి పిలువు. పలికితే వదిలెయ్యి. పలక్కపోతే జాబితాలోంచి తీసెయ్యి. దాంతోపాటు దాని డ్రైవర్‌ను, అంటే ఆ పరికరాన్ని ఎలా నడిపించాలో కంప్యూటర్‌కు చెప్పే చిన్న ప్రోగ్రాంను కూడా తుడిచెయ్యి. ‘అడ్డం వస్తే బలవంతంగా తుడిచెయ్యి’ అనేది మాత్రం ఐచ్ఛికం అన్నారు. నేను ఐచ్ఛికాలు వదిలే మనిషిని కాదు.

ఇంతవరకు తప్పేమీ లేదు. ఏ రోజు చేశానన్నదే కథ.

దసరా పొద్దున రత్నక్క దుకాణం కడిగించింది. పూజకు ప్రతి వస్తువూ వైరు ఊడదీసి, తుడిచి, గుమ్మం ఎదురుగా పీటల మీద వరసగా పెట్టాలి. తూకం మిషన్, ప్రింటర్, బిల్లులకు చారల గీతలు చదివే స్కానర్, పేర్లు చెక్కే మిషన్, ఆఖరికి కీబోర్డు, మౌసు కూడా వచ్చి కూర్చున్నాయి. వాటి పక్కన ఈశ్వరయ్య తాత ఉలి, సుత్తి. అందరికీ సమానంగా పసుపు, కుంకుమ, బంతిపూలు. కంప్యూటర్ బరువని టేబుల్ మీదే వదిలేసి, దాని నుదుటన బొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, రత్నక్క తీర్పు చెప్పింది.

“రేపు తెల్లారేదాంక ఒక్కటి సుత ముట్టొద్దు. ఇయ్యాల వాటికి సెలవు.”

“కంప్యూటర్ కూడానా అక్కా?”

“దానికి బొట్టు పెట్టిన్నా లేదా?”

“పెట్టారు.”

“మల్ల?”

ఆవిడ భోజనానికి ఇంటికి వెళ్లింది. తాత వెళ్లిపోయాడు. గల్లా కాపలాకు నేను మిగిలాను. చుట్టూ ఎంత ప్రశాంతం. నా బుర్రలో ఒక తర్కం పుట్టింది. ముట్టొద్దన్నది పనిచెయ్యొద్దని. నేను చేసేది పని కాదు, శుభ్రం. పొద్దుట్నుంచి అందరూ చేస్తున్నది అదే. వాళ్లు బయట దుమ్ము దులిపారు, నేను లోపల దులుపుతాను. ఇంతకంటే మంచి ఆయుధపూజ ఉంటుందా? కీబోర్డును, మౌసును మాత్రం పీట మీంచి తెచ్చి తగిలించాను. అక్షరాల మీద కుంకుమ పడి ఏది ఏదో తెలియలేదు. చొక్కా అంచుతో తుడిచి, పదకొండు వరసలూ కొట్టి, ఒక్క మీట నొక్కాను.

పాఠకులు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. మీకు అందినది నాకు అందలేదు. ప్రోగ్రాం ఒక్కొక్క పరికరాన్నీ పిలుస్తూ పోయింది. చచ్చినవి పలకలేదు. బతికినవి కూడా పలకలేదు. ఎలా పలుకుతాయి, వైర్లన్నీ ఊడదీయించుకుని, బంతిపూలు పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాయి కదా.

తెర మీద చివరి వరస వచ్చింది. తీసివేసినవి నలభై మూడు. నలభై మూడా, ఇన్ని దయ్యాలతో కాపురం చేశామా అని నేనే ఆశ్చర్యపోయి, నా భుజం నేనే తట్టుకుని, కీబోర్డును మళ్లీ పీట మీద పెట్టి, చెదిరిన బొట్టును సరిదిద్దాను. కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అంటారు. నా గుదియ మరీ మంచిది, పెట్టు వేసి బొట్టు కూడా పెట్టింది.

ఏకాదశి పొద్దున ఏడింటికి దుకాణం తెరిచాం. యశోదమ్మ కొత్త చీరలో, చేతిలో కొబ్బరికాయతో అప్పటికే నిలబడి ఉంది. పది దాటాక ముహూర్తం పెట్టుకుని, మొదటి డబ్బా మీద పేరు పడడం కళ్లారా చూసి పోదామని వచ్చింది. నేను వైర్లన్నీ తగిలించాను. తూకం మిషన్‌ను కంప్యూటర్ మళ్లీ గుర్తుపట్టింది. స్కానర్‌నూ, ప్రింటర్‌నూ కూడా పట్టింది. అలాంటివి ఊరంతా వాడేవి, వాటి డ్రైవర్లు దాని కడుపులోనే ఉంటాయి. పేర్లు చెక్కే మిషన్ తగిలించాను. ‘గుర్తు తెలియని పరికరం’ అంది.

రత్నక్క భుజం మీంచి తొంగిచూసింది. “ఏమంటది?”

“గుర్తు తెలియదంటోంది అక్కా.”

“నాలుగేండ్ల సంది పక్కపక్కనే కూసుంటున్నయి. గుర్తు తెల్వకపోవుడేంది? మొన్నటిదాంక తెలుసు కద.”

“మొన్నటిదాకా తెలుసు.”

“నిన్న ఏమైంది?”

ఇలాంటి ప్రశ్నలకు పుస్తకాల్లో జవాబుండదు. “ఒక్క నిమిషం” అన్నాను. ఆ ఒక్క నిమిషం రెండు గంటలు నడిచింది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. వైరు తీసి మళ్లీ పెట్టాను. వేరే బెజ్జంలో పెట్టాను. నిన్నటి స్థితికి వెనక్కి తీసుకెళ్లే ఏర్పాటు కంప్యూటర్‌లో ఒకటుంటుంది, దాన్ని తెరవబోయాను. చోటు తింటోందని నెల ముందే నేనే ఆపేశానని గుర్తొచ్చింది. అది ఇంకో పుస్తకం సలహా. ఇంటర్నెట్‌లో వెతికితే ఆ మిషన్ చేసిన కంపెనీయే మూతపడిందని తేలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం సామెత. నేను చేతులు కాలాక ఆకుల మీద రాసిన పుస్తకం ఎక్కడుందా అని వెతుకుతున్నాను. గ్రంథాలయానికి ఎలాగూ దసరా సెలవులు.

“మిషన్ తెచ్చినప్పుడు ఒక సీడీ ఇచ్చి ఉంటారు అక్కా. అదుంటే చాలు.”

“ఉండె. పోయినేడు సున్నాలేసినప్పుడు ఎటుబోయిందో. తమ్మీ, నిజం చెప్పు, నిన్న ముట్టినవా?”

“శుభ్రం చేశాను.”

“ఏం శుభ్రం?”

“పలకనివన్నీ తీసేశాను.”

రత్నక్క గుమ్మం వైపు, పీటల వైపు, నా వైపు చూసింది. ఏ పుస్తకమూ చదవని ఆ మనిషికి అర క్షణంలో అర్థమైపోయింది. “వైర్లన్ని పీకి పూజల కూసోబెట్టి, పలుకుతలేవని తీసేసినవా? పండుకున్నోణ్ణి పిలిచి, పలకలేదని కాటికి మోసుకపోయినవా లైబ్రరీ?”

వెనక పేర్చిన బిందెలు మోగాయి.

యశోదమ్మ మాత్రం గొంతు పెంచలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. “అయితలేదా రత్నక్కా?” అంది.

“ఎట్లయిన చేస్త. కాకుంటే పేరు లేకుండనే పంచు చెల్లే. డబ్బలైతే మంచియి కద.”

“పేరు లేకుంటే అది దుకాణంల డబ్బ. నా డబ్బ ఎట్లయితది?” అని కొబ్బరికాయను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. “ముహూర్తం టైమైతంది. నేను పోత. మీరెట్లంటే అట్ల.”

ఆవిడ వెళ్లిపోతుంటే, ఆ కొత్త చీర వీపు చూస్తూ, నేను చదివిన పుస్తకాలన్నీ నా నెత్తిన ఒక్కొక్కటే పడుతున్నట్టనిపించింది. అన్నీ లావువే.

అప్పటికే ఈశ్వరయ్య తాత వచ్చి సంగతి విని, గోనెపట్టా పరిచి, స్టీలు డబ్బా ఒకటి ఒళ్లో పెట్టుకుని పని మొదలుపెట్టాడు. టక్ టక్ టక్. నేను కంప్యూటర్ ఆపి వేసేలోపు ఒక మూత పూర్తయ్యేది. మధ్యమధ్యలో తలెత్తకుండానే అడిగేవాడు.

“ఏం పోయింది సారూ?”

“డ్రైవర్ ప్యాకేజీ డిలీట్ అయింది తాతా. సిస్టమ్ రిపాజిటరీలో లేదు.”

“అట్లనా.” టక్ టక్.

కాసేపటికి మళ్లీ, “ఇంతకు ఏం పోయింది?”

“ఇన్‌స్టలేషన్ ఫైల్స్ తాతా. డివైస్ ఇన్‌స్టాన్స్‌తో పాటు పోర్ట్ బైండింగ్ కూడా.”

“మంచిది.” టక్ టక్.

మనసులో అనుకున్నాను, పాపం ముసలాయనకు ఇవన్నీ ఎలా తెలుస్తాయని. పైగా లోలోపల సంతోషంగా ఉండి ఉంటుంది, మిషన్ పీడ వదిలిందని. ఇన్ని బుద్ధులు నాకు ఆ వేళప్పుడే తోచాయి.

తొమ్మిదయ్యేసరికి రత్నక్క సహనం అయిపోయింది. “ఇగ ఆ కంప్యూటర్ డబ్బను చూసుకుంట కూసోకు లైబ్రరీ. పో, తాత పక్కపొంటి కూసొని నువ్వు సుత కొట్టు.” తాత నాకు ఒక ఉలి, ఒక సుత్తి, ఒక మూత ఇచ్చాడు. మొదటి దెబ్బకు ఉలి జారింది. రెండో దెబ్బ నా బొటనవేలి మీద పడింది. మూడో దెబ్బ నుంచి ‘య’ మొదలై, మూత మీద చక్కెర వాసన తగిలిన చీమల బారులా అటూ ఇటూ తిరుగుతూ, ‘మ్మ’ దగ్గరికి వచ్చేసరికి చోటు చాలక అంచు దిగి కిందికి పోయింది. ఆ ఒక్క పేరుకు నా చొక్కా తడిసిపోయింది. పక్కన తాత ఇంకో రెండు పూర్తి చేశాడు. అప్పుడు చూశాను ఆయన చేతులు. దెబ్బకూ దెబ్బకూ మధ్య వేళ్లు వణుకుతున్నాయి. ఉలి పెట్టే ముందు మణికట్టును మోకాలికి ఆనించి ఆపుకుంటున్నాడు.

నాలో ఉన్న ఇంగ్లీషంతా ఇంకిపోయింది. “తాతా, తప్పు చేశాను” అన్నాను. “ఆ మిషన్‌కు ఏం చెప్పాలో కంప్యూటర్‌కు తెలియడానికి ఒక సరంజామా ఉంటుంది. మిషన్ పెట్టినవాళ్లు ఆ రోజు సీడీలోంచి అందులో వేసి ఉంటారు. దాన్ని నా చేతులారా తుడిచేశాను. సీడీ దొరకడం లేదు.”

తాత సుత్తి ఆగింది.

“మిషిన్‌ది, కంప్యూటర్‌ది మాట కలిపేది పోయిందా?”

“అదే తాతా.”

“గది నా తాన ఉన్నది కద.”

నేను ఆయన ముఖంలోకి చూశాను. పరాచికం కాదు.

“ఉలి ఒక్కటే ఉన్నోడు పని ఒప్పుకోవద్దని మా నాయిన చెప్తుండె. మిషిన్ పెట్టనీకి ఆ పిలగాడొచ్చిన నాడు అడిగిన. ఇది ఖరాబైతే ఎట్ల అంటే, ఈ సీడీ ఉంటే మల్ల నడుస్తది అన్నడు. ఒక్కటుంటే ఎట్ల, నా పాటల పెన్‌డ్రైవ్‌ల సుత ఒకటెయ్యి అన్న. ఏసిండు. ఇంట్ల పాటల డబ్బకున్నది.”

“రెండు గంటల నుంచి నేను చస్తున్నాను. ఒక్క మాట చెప్పొచ్చు కదా తాతా?”

“నువ్వేం పోయిందో చెప్తివా? ఏమేమో పేర్లు చెప్తివి. అవి నా తాన లేవనుకున్న.”

“మరి మీకు ఆ మిషన్ అంటే కోపం కదా?”

“నాకేం కోపం? స్టీలు గట్టిది బిడ్డా, చేతులు పట్టుతప్పినయి. అదొచ్చినంక మెడనొప్పి తగ్గింది. నిన్న పూజల దానికి రెండు పూలు ఎక్కువ పెట్టింది నేనే.”

పరుగెత్తాను. రెండు సందుల అవతల తాత ఇల్లు. లోపల పాటల డబ్బా నుంచి భజన గట్టిగా వినిపిస్తోంది. తాత భార్య తలతో తాళం వేస్తూ బియ్యం ఏరుతోంది. “అవ్వా, పెన్‌డ్రైవ్ కావాలి, తాత ఇమ్మన్నాడు” అన్నాను ఆయాసపడుతూ.

“మంగళారతి నడుస్తంది. అయిపోనీ.”

“చాలా అర్జంటు అవ్వా.”

“దేవునికంటెనా? కూసో.”

కూర్చున్నాను. నా జీవితంలో అంత పొడుగు మంగళారతి వినలేదు. ప్రతి చరణం అయిపోయిందనుకునేసరికి డోలక్ మళ్లీ అందుకునేది. అవ్వ మధ్యలో నా బొటనవేలు చూసి లేచి, పసుపు తెచ్చి అద్దింది. పాట అయ్యాక పెన్‌డ్రైవ్ తీసి, కొంగుతో తుడిచి, “పాటలు పోవద్దు, పైలం” అంటూ నా చేతిలో పెట్టింది. నావంటివాడి చేతిలో ఏదైనా పెట్టి ఆ మాట అనే ధైర్యం ఆ రోజు సికింద్రాబాద్‌లో ఇంకెవరికీ లేదు.

దుకాణంలో పెన్‌డ్రైవ్ తగిలించాను. వందల పాటలు. వాటి మధ్యన, ఏ దేవుడి పేరూ లేని ఒక్క ఫోల్డర్. తెరిచాను. డ్రైవర్ అందులో బుద్ధిగా కూర్చుని ఉంది. “అక్కా, ఈ మీట నొక్కనా?” అని అడిగాను. “ఇయ్యాల అడుగుతున్నవా” అని రత్నక్క ముందు తను మంగళవారం మొక్కే దేవుడికి, తర్వాత శుక్రవారం మొక్కే అమ్మవారికి దండం పెట్టుకుని, “నొక్కు” అంది. నొక్కాను. మిషన్ ఒకసారి ఒళ్లు విరుచుకున్నట్టు గుర్రుమంది. సూది కిందికి దిగింది. మూత మీద ‘య’ పడింది, ‘శో’ పడింది. రత్నక్క గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంది. పది గంటలైంది.

అక్కణ్నుంచి మిషన్ ఒక చివర, తాత ఒక చివర. నువ్విక విశ్రాంతి తీసుకో తాతా అంటే వినలేదు. “బోణీ నా చేత్తోని అయింది, ముగింపు సుత నాదే” అన్నాడు. పదకొండున్నరకు లెక్క చూస్తే ముప్ఫై రెండు మిషన్‌వి, పద్ధెనిమిది తాతవి, ఒకటి నాది. నాదాన్ని మూట అడుగున దాచి, యాభై ఒక్క డబ్బాలూ ఆటోలో వేసుకుని అల్వాల్ వైపు నేనూ రత్నక్కా బయల్దేరాం.

మేం చేరేసరికి రెండో బంతి భోజనాలు నడుస్తున్నాయి. యశోదమ్మ గరిటె వదిలేసి వచ్చింది. మూట విప్పి, ఒక డబ్బా తీసి, మూత మీద వేలితో తన పేరంతా ఒకసారి తడిమింది. ఇంకోటి తీసి దాన్నీ తడిమింది. “ఇది నున్నగున్నది, ఇది గరుకుగున్నది” అంది.

“కొన్ని మిషిన్‌వి, కొన్ని ఈశ్వరయ్యవి. ఏది కావాలంటే అది ఇయ్యి” అంది రత్నక్క.

“గరుకుది మా అమ్మలకిస్త. తోమినప్పుడల్ల చేతికి తగులుతది.”

ఆ ఆరిళ్ల అమ్మల్లో ఒకావిడ, కళ్లజోడు సర్దుకుని మూత చదివి, “బాగుంది యశోదా. ఖాళీ డబ్బా తిరిగి పంపకూడదు, ఏదైనా వేసి పంపుతాలే” అంది అలవాటు మీద.

“మల్ల ఇయ్యనక్కర్లేదమ్మా” అంది యశోదమ్మ. “అది మీ ఇంట్లనే ఉండాలె.”

నేను అన్నం కలుపుకుంటూ తల దించుకున్నాను. పప్పులో కారం ఎక్కువైందని పక్కాయనతో చెప్పాను. ఎక్కువేం కాలేదు.

వెళ్లేటప్పుడు యశోదమ్మ నాకూ ఒక డబ్బా ఇచ్చింది. నిండా బూరెలు. మూత మీద చీమల బారు.

“ఇది మీరు కొట్టిందేనట కద సార్. రత్నక్క చెప్పింది. వేరేటోళ్లకియ్య మనసొప్పలే.”

“బాగా రాలేదమ్మా.”

“రాకుంటేంది. వేలు పగిలేదాంక నా పేరు ఎవరు రాసిన్రు?”

ఆ రోజు తిట్టి, ఉద్యోగంలోంచి మాత్రం తీసెయ్యని రత్నక్కకూ, అడగ్గానే ఇచ్చిన ఈశ్వరయ్య తాతకూ, నేను అర్థమయ్యేలా చెప్పడం నేర్చుకునేదాకా ఆగిన ఆయన ఓపికకూ, పసుపు అద్దిన అవ్వకూ, చీమల బారును కోరి ఎంచి ఇచ్చిన యశోదమ్మకూ ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతూనే ఉన్నాను. గ్రంథాలయానికి ఇప్పటికీ వెళ్తున్నాను. పుస్తకం చదివి ఇంటికొచ్చాక, అదే సంగతి తాతకు ఇంగ్లీషు మాట లేకుండా చెప్పి చూస్తాను. ఆయనకు అర్థమైతేనే నాకు అర్థమైనట్టు లెక్క.

ఇక ఎదుట ఉన్న మీ అందరి సాక్షిగా, ఆ రోజు వాచిన బొటనవేలి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. పలకనిదల్లా చచ్చినట్టు కాదని, ముందు వైరు చూడాలని, ‘బలవంతంగా’ అనే ఐచ్ఛికాన్ని కలలో కూడా ఎంచుకోనని, ఏ ముఖ్యమైన సరంజామా అయినా ఒకచోట మాత్రమే ఉంచనని నొక్కి వక్కాణిస్తున్నాను. ఈ ప్రతిజ్ఞ వట్టి మాట కాదని చూడాలంటే మా ఇంటికి రండి. ఆ డ్రైవర్ ఇప్పుడు నా దగ్గర తొమ్మిది పెన్‌డ్రైవ్‌లలో ఉంది. తొమ్మిదింట్లోనూ తాత పాటలు మొత్తం ఉన్నాయి. ఏది తీసెయ్యొచ్చో తేల్చుకోలేక ఒక్కటీ తీసెయ్యలేదు. మంగళారతి మాత్రం నాకు చివరి చరణం దాకా కంఠతా వచ్చేసింది.